సీనియర్ పోర్ట్రెయిట్ ఆల్బమ్: షూట్ దగ్గర్నుంచి ప్రింటు దాకా సలహాలు కావాలి

పెకాన్‌చెట్టు:

అందరికీ నమస్కారం. డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు మన తెలుగు పిల్లలు ట్వెల్త్ గ్రేడ్‌కి వచ్చారంటే చాలు, సీనియర్ పోర్ట్రెయిట్స్ (హైస్కూలు చివరి ఏడాది తీయించుకునే ఫొటోలు) అడుగుతున్నారు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీసే అలవాటు ఉంది గానీ, ఒక్క మనిషితో రెండు గంటలు తీసి దాంతో ఆల్బమ్ నింపడం వేరే లెక్కలా ఉంది. వచ్చే నెలాఖరు శనివారం, అంటే సెప్టెంబర్ చివర్లో, సాయంత్రం ఒక షూట్ ఒప్పుకున్నాను.

అమ్మాయి. మూడు డ్రెస్సులు: జీన్స్ మీద లెటర్ జాకెట్ (స్కూలు అక్షరం కుట్టిన జాకెట్), తెల్ల ఫ్రాక్, ముదురు ఎరుపు పట్టు లంగావోణీ (జరీ బాగా వెడల్పు). కళ్ళజోడు ఉంది. కెమెరా 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్, లెన్సులు 85 ఎఫ్ 1.8, 24-70 ఎఫ్ 2.8. బ్యాటరీతో నడిచే 200 వాట్ ఫ్లాష్ ఒకటి, మూడడుగుల ఆక్టా సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుతురుని మెత్తబరిచే ఎనిమిది పలకల గుడ్డ పెట్టె) ఒకటి ఉన్నాయి.

వాళ్ళమ్మగారేమో హైదరాబాద్‌లో 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ (మన పెళ్ళిళ్ళకి వేసే పెద్ద డిజైన్ ఆల్బమ్) వేయించుకుంటామంటున్నారు. అమ్మాయేమో 10×10 చిన్న లేఫ్లాట్ (తెరిస్తే రెండు పేజీలూ చదునుగా పరుచుకునే ఆల్బమ్) చాలంటోంది. ఏది చేసినా ఎన్ని ఫొటోలు కావాలి, ఎలా తీయాలి, పట్టు రంగు ప్రింటులో చెడకుండా ఏం చూసుకోవాలి? గ్రాడ్యుయేషన్ క్యాప్, గౌను ఫొటోలు కూడా అదే రోజు అయిపోవాలంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

బడిగంట:

ముందు ఒకటి తేల్చుకోండి. ఇయర్‌బుక్ ఫొటో వేరు, ఆల్బమ్ వేరు. చాలా స్కూళ్ళు ఏదో ఒక స్టూడియోతో కాంట్రాక్టు పెట్టుకుంటాయి. ఇయర్‌బుక్‌లో పడేది ఆ స్టూడియో తీసిన ఫొటోనే: అమ్మాయిలకి భుజాల మీద నల్ల డ్రేప్, అబ్బాయిలకి టక్సీడో, అందరికీ ఒకటే బ్యాక్‌గ్రౌండ్. మీరు ఎంత బాగా తీసినా అది అందులోకి పోదు. ఈ సంగతి తల్లిదండ్రులకి తెలియకపోతే చివర్లో మాట మీమీదికి వస్తుంది. అందుకని బుకింగ్ రోజే మెయిల్‌లో రాసి పెట్టండి.

కొన్ని స్కూళ్ళు బయటి ఫొటోగ్రాఫర్ తీసింది కూడా తీసుకుంటాయి. అలాంటప్పుడు స్కూలు పంపిన మెయిల్‌ని అమ్మాయి చేత మీకు ఫార్వర్డ్ చేయించుకోండి. ఫొటో నిలువుగా ఉండాలా, తల ఫ్రేములో ఎంత ఎత్తు ఉండాలి, బ్యాక్‌గ్రౌండ్ ఏ రంగు, ఫైలుకి పేరు ఎలా పెట్టాలి, గడువు ఎప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. గడువులు సాధారణంగా ఫాల్‌లోనే పడతాయి, కాబట్టి సెప్టెంబర్ చివర షూట్ అంటే ఎడిటింగ్‌కి మీకు మిగిలేది కొద్ది రోజులే కావచ్చు. ఆ ఒక్క ఫొటో కావాలంటే షూట్‌లో మొదటి పది నిమిషాలు దానికే కేటాయించండి. నీడలో ఉన్న సాదా గోడ, 85 లెన్సు, ఎఫ్ 5.6, కెమెరా కంటి ఎత్తులో, భుజాలు కొంచెం పక్కకి, ముఖం నేరుగా. చెమట పట్టకముందే, జుట్టు చెదరకముందే అయిపోతుంది.

ఇక గౌను. సెప్టెంబర్‌లో కుదరదు. క్యాప్, గౌన్ స్కూలు వాళ్ళు చేతికిచ్చేది స్ప్రింగ్‌లోనే. ఆన్‌లైన్‌లో దొరికే ఏదో నల్ల గౌను తెప్పించి తీస్తే స్కూలు రంగు కలవదు, ఆనర్ కార్డ్స్ (మెడలో వేసుకునే రంగు తాళ్ళు), స్టోల్ (మెడ చుట్టూ వేలాడే పట్టీ) ఉండవు, పిల్లలే ఆ ఫొటోలు వద్దంటారు. మెయిన్ షూట్ సెప్టెంబర్‌లో చేసి, ఏప్రిల్‌లో ముప్పావు గంట గౌన్ సెషన్ విడిగా పెట్టండి. ఆల్బమ్‌లో చివరి రెండు స్ప్రెడ్లు (స్ప్రెడ్ అంటే ఎదురెదురు పేజీల జత) దానికోసం ఖాళీ ఉంచండి. గ్రాడ్యుయేషన్లు మే చివర, జూన్ మొదట్లో. గ్రాడ్యుయేషన్ పార్టీ హాల్లో గుమ్మం పక్క టేబుల్ మీద ఆల్బమ్ ఉండాలంటే ఏప్రిల్ నెలాఖరుకి డిజైన్ ఓకే అయిపోవాలి.

వెలుగునీడ:

ఎక్స్‌పోజర్ గురించి నేను చెప్తాను.

ముదురు ఎరుపు పట్టుతో వచ్చే చిక్కు ఏంటంటే, ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళలో ఎరుపు (రెడ్ ఛానెల్) ఒక్కటే ముందు హద్దు దాటి పగిలిపోతుంది. మామూలు తెల్ల హిస్టోగ్రామ్‌లో (ఎడమ చీకటి, కుడి వెలుగు చూపే గ్రాఫు) అంతా బాగానే కనిపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే లంగా మడతల్లో వివరం ఉండదు, ఎర్ర రంగు పూసినట్టు ఉంటుంది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకోండి. పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో ఉంచండి, లేకపోతే వివిడ్ వల్ల హిస్టోగ్రామే తప్పు చూపిస్తుంది. రెడ్ కుడి గోడకి తగులుతుంటే మూడో వంతు నుంచి మూడింట రెండొంతుల స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించండి. ముఖం కాస్త డల్‌గా వస్తే రా ఫైలులో (కెమెరా దిద్దకుండా దాచే RAW ఫైలు) లేపుకోవచ్చు, పగిలిన ఎరుపుని వెనక్కి తేలేరు. షూట్ రా లోనే చేయండి, ఇందులో బేరం లేదు.

జరీది ఇంకో బాధ. అది అద్దంలా పనిచేస్తుంది. సాఫ్ట్‌బాక్స్ ముఖానికి నేరుగా పెడితే అంచు మీద తెల్ల మచ్చలు పడతాయి. లైటుని 45 డిగ్రీలు పక్కకి జరిపి, వీలైనంత దగ్గరకి, మూడు నాలుగు అడుగుల్లోకి తెచ్చి పవర్ తగ్గించండి. దగ్గరైన కొద్దీ లైటు మెత్తబడుతుంది, మెరుపు పలచగా పరుచుకుంటుంది. జరీ తెల్ల మచ్చ కాకుండా బంగారంలా కనబడిందంటే ఎక్స్‌పోజర్ కుదిరినట్టే.

సన్న నేత పట్టులో అడ్డంగా రంగురంగుల అలలు వస్తే అది మోయిరే. కెమెరా వెనక తెరమీద వంద శాతం జూమ్ చేసి చూడకపోతే తెలియదు. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగితే చాలాసార్లు పోతుంది. పోకపోతే లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోయిరే బ్రష్ ఉంది గానీ, పక్కపక్క రంగుల్ని కూడా కలిపేస్తుంది, జరీ దగ్గర జాగ్రత్త.

ఎపర్చర్ (లెన్సు రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది): 85 ఎఫ్ 1.8 కదా అని 1.8లో తీయకండి. ఆరడుగుల దూరం నుంచి అది ఇచ్చే ఫోకస్ లోతు సుమారు రెండు అంగుళాలు. ముఖం కొంచెం తిప్పితే ఒక కన్ను షార్ప్, రెండోది మసక, జుంకాలు పూర్తిగా కరిగిపోతాయి. ఎఫ్ 2.8లో మూడు అంగుళాలు, ఎఫ్ 4లో నాలుగుకి పైన. నగలున్న క్లోజప్పులు ఎఫ్ 4, జీన్స్ జాకెట్‌కి 2.2 నుంచి 2.8 చాలు. నిలబడి తీసేవాటికి షటర్ 1/250 కంటే తగ్గనివ్వకండి. ఫ్లాష్ వాడుతుంటే మీ కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షటర్ వేగం) చూసుకోండి, కొన్ని బాడీల్లో 1/200కే ఆగుతుంది, దాటితే ఫ్రేములో నల్ల పట్టీ పడుతుంది. ఇంకా పైకి పోవాలంటే హైస్పీడ్ సింక్ ఆన్ చేయాలి, అందులో ఫ్లాష్ బలం బాగా తగ్గుతుంది.

సెప్టెంబర్ నెలాఖరుకి డాలస్‌లో సూర్యాస్తమయం ఏడుంపావు ప్రాంతం. ఐదింటికి మొదలుపెట్టండి. మొదటి గంట చెట్టు నీడలో, బిల్డింగ్ నీడలో. ఆరున్నర దాటాక ఎండ వెనక నుంచి పడేలా నిలబెట్టండి. ముఖానికి ముందు నుంచి సాఫ్ట్‌బాక్స్ 1/8 పవర్‌తో మొదలుపెట్టి సరిచూసుకోండి. ఓక్ చెట్ల కింద పచ్చగడ్డి మీద నిలబెడితే గడ్డం కింద, మెడ మీద ఆకుపచ్చ పడుతుంది. మన చర్మం రంగు మీద అది జబ్బు మనిషిలా చూపిస్తుంది. కాలిబాట, సిమెంటు మెట్లు, ఎండిన గడ్డి ఉన్న చోటు చూసుకోండి. చోటు మారినప్పుడల్లా రంగు సరిచూసుకోవడానికి గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) ఒకసారి పట్టించండి, రెండు సెకన్ల పని.

పదిబైపది:

నేను మాత్రం ఆల్బమ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రమ్మంటాను. షూట్ అయ్యాక ఆల్బమ్‌కి ఫొటోలు ఏరడం మొదలుపెడితే ఎప్పుడూ అవే కొరతలు తేలతాయి: అన్నీ నిలువు ఫొటోలు, అన్నీ నడుం పైవి, అన్నీ నవ్వులు.

10×10 లేఫ్లాట్ తెరిస్తే ఒక స్ప్రెడ్ 20×10 అంగుళాలు, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 6000×3000 పిక్సెళ్ళు. మీ 24 మెగాపిక్సెల్ ఫైలు 6000×4000. అంటే ఒక అడ్డం ఫొటోని స్ప్రెడ్ మొత్తం పరిస్తే పైనా కిందా కలిపి పావు వంతు ఎత్తు కోసేయాలి. అదే 12×36 కరిజ్మా షీటు అయితే మూడుకి ఒకటి నిష్పత్తి. 6000×4000లోంచి 6000×2000 మాత్రమే మిగులుతుంది, సగం ఫొటో పోతుంది. పైగా 36 అంగుళాలకి సాగదీస్తే 167 డీపీఐ. చేతిదూరంలో చూస్తే నడుస్తుంది గానీ, దగ్గర క్లోజప్‌కి చాలదు.

ఇందులోంచి షూట్‌కి వచ్చేది ఇది. కనీసం నాలుగు ఫ్రేములు ఆల్బమ్‌లో పూర్తి స్ప్రెడ్ కోసమే అని అనుకుని తీయండి. కెమెరా అడ్డంగా, అమ్మాయి ఫ్రేములో మూడో వంతులో ఓ పక్కకి, తల పైన పాదాల కింద చోటు, మిగతా మూడింట రెండొంతులు సాదా బ్యాక్‌గ్రౌండ్. వ్యూఫైండర్‌లో చూస్తే ఖాళీ ఎక్కువైనట్టు ఉంటుంది, ఉండనివ్వండి. మనిషిని సరిగ్గా మధ్యలో పెట్టారా, మడత వచ్చి ముక్కు మీద పడుతుంది. లేఫ్లాట్‌లో పేజీల మధ్య ఖాళీ ఉండదని ల్యాబ్ వాళ్ళు చెప్పేది నిజమే, కానీ మడత గీత కనబడుతుంది, ముఖం మీద అయితే ఇంకా బాగా కనబడుతుంది.

పది స్ప్రెడ్లకి 30 నుంచి 35 ఫొటోలు. అంతకు మించితే అది కాంటాక్ట్ షీటు (చిన్న చిన్న ఫొటోలు కిక్కిరిసిన పేజీ) అవుతుంది. ఒక డ్రెస్‌కి మూడు స్ప్రెడ్లు అనుకోండి. ప్రతి డ్రెస్‌కి ఒక నిండు నిలువు, ఒక నడుం పైన, ఒక దగ్గరి ముఖం, ఒక స్ప్రెడ్ సైజు అడ్డం, రెండు మూడు చిన్న వివరాలు ఉండి తీరాలి. వివరాలు అంటే లెటర్ జాకెట్ మీద కుట్టిన అక్షరం, క్లాస్ రింగు, వడ్డాణం, జడ చివర కుచ్చులు, ఆ అమ్మాయి వాయించే వాద్యం, కాలి గజ్జెలు, టెన్నిస్ రాకెట్. నవ్వు ఉన్నది, లేనిది, కెమెరా వైపు చూడనిది, మూడూ ఉండాలి. ఇవి చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. డ్రెస్ మారేముందు ఒకసారి చూసుకుంటే చాలు.

ఒక స్ప్రెడ్‌లో ఒకే డ్రెస్, ఒకే వెలుతురు ఉంచండి. సాయంత్రపు బంగారు రంగు ఫొటో పక్కన నీడలో తీసిన నీలం ఫొటో పెడితే రెండూ తప్పుగా కనిపిస్తాయి. అమ్మాయి చూపు ఎడమకి ఉంటే ఆ ఫొటో కుడి పేజీలో పెట్టండి. ఆల్బమ్ బయటికి చూస్తున్నట్టు ఉండకూడదు.

బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) మామూలుగా నాలుగు వైపులా ఎనిమిదో వంతు అంగుళం. అంటే ఫైలు 20.25×10.25, పిక్సెళ్ళలో 6075×3075. ల్యాబ్‌ని బట్టి మారుతుంది, వాళ్ళ టెంప్లేట్ దింపుకుని అందులోనే డిజైన్ చేయండి. వేళ్ళు, పాదాలు, రాతలు కోత గీతకి కనీసం అర అంగుళం లోపల ఉంచండి.

జడగంటలు:

డ్రెస్సుల వరస గురించి ఎవరూ చెప్పలేదు. షూట్ ఆలస్యమయ్యేది దీని దగ్గరే.

లంగావోణీ మొదట పెట్టండి. ఇంటి దగ్గర వాళ్ళమ్మగారు తీరిగ్గా కట్టి, జడ వేసి, పూలు పెట్టి పంపిస్తారు. పార్కులో కారు వెనకాల జడ వేయడం మొదలుపెడితే నలభై నిమిషాలు పోతుంది, ఓణీ కుచ్చిళ్ళు సరిగ్గా రావు. లంగావోణీ అయ్యాక జడ విప్పితే జుట్టుకి అలలు వస్తాయి, ఫ్రాక్‌కి అవి అందంగానే ఉంటాయి. చివర్లో జాకెట్, జీన్స్. కుంకుమ లేదా స్టిక్కర్ తీశాక నుదుటి మీద గుర్తు మిగులుతుంది, మేకప్ రిమూవర్ వైప్స్ ఉంచుకోండి. వడ్డాణం, వంకీ తీసిన చోట చర్మం మీద పడే గాట్లు పోవడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. చేతుల్లేని ఫ్రాక్ అయితే వంకీ ముందే వదులుగా పెట్టించండి.

వెంట ఉండాల్సినవి: సేఫ్టీ పిన్నులు డజను, పక్క పిన్నులు, రెండు వైపులా అంటుకునే టేపు, చిన్న హ్యాండ్ స్టీమర్, టిష్యూలు, నూనె పీల్చే కాగితాలు, స్ట్రాతో నీళ్ళు (లిప్‌స్టిక్ పోకుండా). జడ పూలు ఎండకి వాడిపోతాయి, షూట్ దాకా ఐస్ బాక్సులో తెమ్మనండి. ఓణీ భుజం మీద పిన్ను బయటికి కనబడుతుంటే ఫొటోషాప్‌లో తీయడం కంటే అక్కడే లోపలికి గుచ్చడం తేలిక.

మేకప్ చేసేవాళ్ళకి ఒక మాట చెప్పండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ ఫౌండేషన్, తెల్లటి సెట్టింగ్ పౌడర్ వద్దని. ఫ్లాష్ పడగానే ముఖం బూడిద పూసినట్టు వస్తుంది, మెడ మాత్రం మామూలుగా ఉంటుంది. ఫౌండేషన్ రంగు దవడ మీద సరిచూడమనండి, మణికట్టు మీద కాదు.

వెలుగునీడ:

జడగంటలు గారూ, వరసలో మీతో ఏకీభవించలేను. మెత్తటి వెలుతురు ఉండేది చివరి నలభై నిమిషాలే. జరీకి, ఎరుపుకి కావలసింది ఆ వెలుతురే. జీన్స్, జాకెట్ ఎలాంటి నీడలో తీసినా వచ్చేస్తాయి. లంగావోణీ ఐదింటి ఎండలో అంటే చెమట, కరిగే కాటుక, జరీ మీద తెల్ల మచ్చలు.

జడగంటలు:

వెలుతురు మాట నిజమే అండి. కానీ ఆరున్నరకి జడ పూర్తి కాకపోతే ఆ వెలుతురు ఎవరికి ఉపయోగం? దగ్గర్లో ఇల్లు ఉండి, జడ వేసే మనిషి సిద్ధంగా ఉంటే మీరన్నట్టు చివర పెట్టండి. లేదంటే రెండు రోజులు చేయడమే మేలు. సవరం, జడగంటలు, పూల జడ అన్నీ పెట్టించుకునే వాళ్ళకి నేనైతే అదే చెప్తాను.

పెకాన్‌చెట్టు:

చాలా ఉపయోగపడుతోంది, అందరికీ థాంక్స్. ఇల్లు పార్కుకి ఐదు నిమిషాలే, కాబట్టి లంగావోణీ చివర పెడతాను. ఇంకో మూడు అడగాలి. కళ్ళజోడులో లైటు పడకుండా ఎలా? ఏప్రిల్‌లో గౌన్ తీసేటప్పుడు క్యాప్ నీడ కళ్ళ మీద పడుతుంది కదా, దానికేం చేయాలి? మూడోది, "కొంచెం తెల్లగా చేయండి" అని అప్పుడే మెసేజ్ వచ్చింది.

వెలుగునీడ:

కళ్ళజోడు: లైటుని పైకి, పక్కకి జరపండి. అద్దంలో సాఫ్ట్‌బాక్స్ కనబడుతోందంటే ఆ కోణం మీ లెన్సులోకి తిరిగి వస్తోందన్నమాట. చెవి దగ్గర కాడల్ని పావు అంగుళం పైకి లేపితే అద్దాలు కొంచెం కిందికి వంగి మెరుపు నేలవైపు పోతుంది. అంతకంటే లేపితే పక్కనుంచి చూసినప్పుడు కనిపెట్టేస్తారు. బయట ఆకాశమే అద్దంలో పడుతుంటే, కొమ్మ కిందికో వరండా కిందికో జరపండి. ఇవేవీ కుదరకపోతే కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, అదే పోజులో జోడు పెట్టుకుని ఒకటి, తీసి ఒకటి తీయండి, ఫొటోషాప్‌లో కళ్ళ భాగం కలుపుకోవచ్చు. రంగు మారే ఫొటోక్రోమిక్ అద్దాలైతే ఇది తప్పనిసరి. ఎండలో అవి నల్లబడతాయి, నీడలోకి వచ్చాక తేటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

క్యాప్: పైనున్న చదరపు బోర్డు నేలకి సమాంతరంగా ఉండాలి. లోపలి టోపీ మొన నుదుటి మధ్యకి. వెనక్కి వాలిస్తే నీడ ఉండదు గానీ, క్యాప్ జారిపోతున్నట్టు ఉంటుంది. లైటు కంటికి కొంచెం పైన మాత్రమే ఉంచి, నడుం ఎత్తులో వెండి రిఫ్లెక్టరో, తెల్ల ఫోమ్ బోర్డో పెట్టించండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అసలు తీయకండి. టాసెల్ (క్యాప్‌కి వేలాడే కుచ్చు) గ్రాడ్యుయేషన్‌కి ముందు కుడివైపు, డిప్లొమా అందుకున్నాక ఎడమకి మారుస్తారు. ఏప్రిల్ ఫొటోల్లో కుడివైపే ఉంచండి. అది ముఖం మీద నీడ వేస్తుంటే లైటుని అటువైపు నుంచి కాకుండా రెండోవైపు నుంచి తెచ్చుకోండి.

జడగంటలు:

గౌను గురించి ఒక ముక్క. ప్యాకెట్లోంచి తీసిన పాలియెస్టర్ గౌనుకి మడత గీతలు గట్టిగా ఉంటాయి. ముందు రోజు రాత్రే స్టీమర్ పట్టి హ్యాంగర్‌కి వేలాడదీయమనండి. నేరుగా ఇస్త్రీ పెట్టె పెడితే కరిగి మెరుస్తుంది. మెడ వి ఆకారంలో ఉంటుంది కాబట్టి లోపల చుడీదార్, చున్నీ వేస్తే ఉబ్బుగా కనిపిస్తుంది. సాదా ఫ్రాకో కాలర్ లేని బ్లౌజో సరిపోతుంది. ముడి గానీ పైకెత్తిన పోనీటెయిల్ గానీ ఉంటే క్యాప్ కూర్చోదు. మెడ దగ్గర వదులు జడ, నాలుగు పక్క పిన్నులు. స్టోల్ రెండు వైపులా సమానంగా ఉండేలా భుజాల దగ్గర టేపు అంటించండి.

నేలరంగు:

మూడో ప్రశ్నకి నేను.

"తెల్లగా" అన్నదానికి వాళ్ళు అడిగే అసలు పని చాలాసార్లు ముఖం మీద వెలుతురు పెంచడమే. వెనకాల ఆకాశం ప్రకాశంగా ఉంటే కెమెరా ముఖాన్ని చీకటి చేస్తుంది, వాళ్ళకది నల్లగా కనబడుతుంది. ముఖం మీద ఎక్స్‌పోజర్‌ని మూడో వంతో, అరో స్టాప్ పెంచి చూపించండి, నూటికి తొంభై మంది ఊరుకుంటారు. స్కిన్ రంగునే మార్చమంటే చేయనని మర్యాదగా చెప్పండి. ఆ పని ప్రింటులో దొరికిపోతుంది కూడా. ముఖం ఒక రంగు, చెవులు, మెడ, మోచేతులు ఇంకో రంగు.

ఆన్‌లైన్‌లో అమ్మే ప్రీసెట్లు (ఒక్క క్లిక్‌తో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు) చాలావరకు తెల్లవాళ్ళ చర్మం కోసం తయారైనవి. ఆరెంజ్ సాచురేషన్ తగ్గించి, ఆరెంజ్ ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) పెంచుతాయి. మన చామనఛాయ మీద అవి పెడితే బూడిద రంగు వస్తుంది. కొన్నారే అనుకోండి, ఆ రెండు స్లైడర్లూ సున్నాకి తెచ్చి మొదలుపెట్టండి.

రీటచింగ్‌లో నేను పాటించేది ఒకటే. రెండు వారాల్లో పోయేవి తీసేయొచ్చు: మొటిమ, గీసుకున్న గాయం, దోమకాటు. పుట్టుమచ్చ, చిన్నప్పటి గాటు, గుంట ఉంటే ఉండనివ్వాలి. తీయాలంటే ఆ అమ్మాయినే అడగండి, అమ్మని కాదు. కళ్ళ కింద నల్లదనం పూర్తిగా చెరిపితే ముఖం బొమ్మలా అవుతుంది. చెరిపిన క్లోన్ లేయర్ ఒపాసిటీ (అది ఎంత గాఢంగా కనబడాలన్నది) 40 శాతం దగ్గర ఆపండి. పళ్ళు తెల్లబరిచేటప్పుడు పసుపు తగ్గించండి, వెలుగు పెంచకండి.

ఇక ప్రింట్లు చీకటిగా వచ్చాయని గోల పెట్టేవాళ్ళలో ఎక్కువమందిది మానిటర్ తప్పే. కొన్నప్పటి బ్రైట్‌నెస్‌లో ఎడిట్ చేస్తారు. కాలిబ్రేటర్ (స్క్రీను రంగులు సరిచేసే పరికరం) పెట్టి తెల్ల బిందువు డీ65, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకి 100 కాండెలా దగ్గర పెట్టండి. గదిలో కిటికీ వెలుతురు స్క్రీను మీద పడకూడదు. ఆల్బమ్ ఆర్డరు పెట్టేముందు చర్మం, ఎరుపు పట్టు, నల్ల జుట్టు ఉన్న ఐదారు ఫొటోలు 5×7 సైజులో అదే ల్యాబ్‌లో వేయించి చూడండి. జుట్టు నల్ల ముద్దలా వస్తే షాడోలు పది పదిహేను పాయింట్లు లేపాలి. ఫైళ్ళు ఎస్‌ఆర్‌జీబీ రంగుల ప్రొఫైల్‌లో, జేపెగ్, క్వాలిటీ ఫొటోషాప్‌లో 12కి 10 లేదా అంతకు మించి. అడోబీ ఆర్‌జీబీలో పంపితే, ల్యాబ్ ఆ ప్రొఫైల్‌ని చూడకుండా వేస్తే రంగులు వెలిసిపోయి వస్తాయి.

బడిగంట:

చోట్ల గురించి కూడా కొంచెం. బొటానికల్ గార్డెన్లలో చాలాచోట్ల ఫొటో షూట్‌కి ఫీజు, ముందస్తు బుకింగ్ ఉంటాయి. సిటీ పార్కుల్లో కూడా డబ్బు తీసుకుని చేసే షూట్‌కి పర్మిట్ అడగొచ్చు. ఆ ఊరి పార్క్స్ డిపార్ట్‌మెంట్ సైటు చూసుకోండి. రైలు పట్టాల మీద మాత్రం ఎవరు అడిగినా తీయకండి. అది ప్రైవేటు ఆస్తిలోకి చొరబడటం, పైగా ప్రాణాల మీదికి వస్తుంది, రైలు దగ్గరికొచ్చేదాకా చప్పుడు తెలియదు.

ఏప్రిల్ గౌన్ సెషన్ బ్లూబోనెట్ పూల మధ్య కావాలంటారు చూడండి. టెక్సస్‌లో అవి మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా బాగుంటాయి. గౌన్లు అప్పటికి చేతికి వచ్చాయో లేదో ముందు కనుక్కోండి. పూల మధ్య ఇప్పటికే ఖాళీ ఉన్న చోటే కూర్చోబెట్టండి, తొక్కినవి విత్తనం వేయవు. కూర్చునేముందు నేల చూడండి. ఫైర్ యాంట్స్ పుట్టలు గడ్డిలో కనబడవు, చీమ కుట్టిన చోట మరునాటికి చీము పొక్కు లేస్తుంది. పాముల భయమూ ఉంది. చెప్పుల్లేకుండా నడిపించకండి.

డబ్బు వైపు: అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే కాంట్రాక్టు, ఫొటోలు మీ పేజీలో పెట్టుకునే అనుమతి తల్లిదండ్రుల సంతకంతోనే చెల్లుతాయి. టెక్సస్‌లో ఫొటోగ్రాఫర్లు సేల్స్ ట్యాక్స్ వసూలు చేసి కట్టాలి, రాష్ట్రానిది 6.25 శాతం, ఊరివి కలిపితే 8.25 దాకా. ఇంకోటి, వీసా మీద ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: హెచ్1బీ స్పాన్సర్ చేసిన కంపెనీ పనికి మాత్రమే, పక్కన డబ్బు తీసుకుని షూట్లు చేయకూడదు. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబసభ్యుల వీసా) వాళ్ళకీ అంతే. లాయర్ని అడిగాకే డబ్బు తీసుకోండి.

పదిబైపది:

12×36 సంగతి మిగిలిపోయింది. హైదరాబాద్, విజయవాడ ల్యాబుల్లో కరిజ్మా బాగానే వేస్తారు, చినగని ఎన్‌టీ పేపరు గట్టిగా ఉంటుంది. చిక్కు డిజైన్ దగ్గర. పెళ్ళి ఆల్బమ్ పీఎస్‌డీ (ఫొటోషాప్) టెంప్లేట్లలో అమ్మాయిని పడేసి, వెనకాల నెమళ్ళు, గులాబీలు, మేఘాలు, ఒకే ముఖం నాలుగు సైజుల్లో వేస్తారు. డిజైన్ మీరే చేసి, 10800×3600 పిక్సెళ్ళ జేపెగ్‌లు ఒక్కో షీటుకి ఒకటి చొప్పున పంపి, "డిజైన్ మార్చవద్దు, రంగు మార్చవద్దు" అని ఆర్డరులో రాయించండి. అక్కడి ల్యాబులు కొన్ని ముఖాలు వెలిగేలా ఆటోమేటిక్ కరెక్షన్ పెడతాయి, అది వద్దని విడిగా చెప్పాలి. ఒక్క షీటు ముందు వేయించి, మంచి వెలుతురులో ఫొటో తీసి పంపమనండి. అది రంగుకి నమ్మకం కాదు గానీ, కోత, మడత తప్పులు తెలుస్తాయి.

మూసినప్పుడు అది 12×18, చెక్కంత బరువు. ఎవరో ఒకరు సూట్‌కేసులో తేవాలి. మూలలు నలగకుండా బట్టల మధ్య పడుకోబెట్టి తెమ్మనండి. కొత్త ఆల్బమ్ పేజీల మధ్య పలచటి కాగితం ఉంటే ఇంటికి వచ్చేదాకా తీయవద్దు, తేమకి పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

నన్నడిగితే 35 ఫొటోల పిల్లకి 12×36 పెద్దది. అమ్మాయి అడిగిన 10×10 ఇక్కడ వేయించి, అమ్మగారికి లంగావోణీ ఫొటో ఒకటి 16×20 సైజులో ఫ్రేము కట్టించి ఇవ్వండి. ఆవిడకి కావలసింది హాల్లో గోడ మీద కనబడటం. పార్టీలో చుట్టాల చేత ఆల్బమ్ మీద సంతకాలు పెట్టించే ఆలోచన ఉంటే, పేజీల్లో తెల్ల మార్జిన్లు రెండు అంగుళాలు వదిలి, మ్యాట్ పేపరు ఎంచుకోండి. గ్లాసీ మీద బాల్ పెన్ను పడదు, జెల్ పెన్ను అలుక్కుపోతుంది. పిగ్మెంట్ ఇంకు సన్న మార్కర్లు రెండు పక్కన పెట్టి, పేజీ తిప్పేముందు అర నిమిషం ఆరనివ్వమని టేబుల్ మీద చిన్న చీటీ పెట్టండి.